కుదించి దాచిన డేటాబేస్ లాగులు నిజంగా రీస్టోర్ అవుతాయో లేదో తేల్చుకోవడం ఎలా

పోస్ట్‌గ్రెస్ డేటాబేసును నడిపేవారిలో చాలామంది దాని వాల్ లాగులను, అంటే ప్రతి మార్పునూ వరుసగా నమోదు చేసే ఫైళ్లను, జీజిప్ అనే పనిముట్టుతో కుదించి వేరే సర్వరులో దాచుకుంటారు. ఫైళ్లు వరుసగా వచ్చి చేరుతూ ఉంటాయి, డిస్కులో చోటు కూడా మిగులుతుంది కాబట్టి బ్యాకప్ ఉందనే ధైర్యంతో రోజులు గడిచిపోతాయి. అయితే అవసరం పడిన రోజున ఆ ఫైళ్లు సరిగా విచ్చుకుంటాయా, విచ్చుకున్నాక ఒకదాని వెంట ఒకటి అందుకుని డేటాబేసును మీరు కోరిన నిమిషం దాకా తీసుకువస్తాయా అన్న సంగతిని మాత్రం ప్రత్యేకంగా పరీక్షించి తెలుసుకోవాలి. ఆ పరీక్షను ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. లినక్స్ మీద నడిచే పోస్ట్‌గ్రెస్ 13 లేదా ఆ తర్వాతి వెర్షన్ మీ దగ్గర ఉందని, లాగులను సొంతంగా రాసుకున్న స్క్రిప్టుతో దాస్తున్నారని అనుకుంటున్నాను.

నేను ఇంత పట్టుగా చెప్పడానికి ఒక కారణం ఉంది. ఇదివరకు నేను పనిచేసిన ఒక సంస్థలో డిస్కు పాడై, శనివారం ఉదయం డేటాబేసును బ్యాకప్ నుంచి రీస్టోర్ చేశాం. అది ఏ ఫిర్యాదూ లేకుండా లేచి, కనెక్షన్లు తీసుకోవడం మొదలుపెట్టింది. అరగంట తర్వాత లెక్కల విభాగం నుంచి ఫోన్ వచ్చింది: గురువారం సాయంత్రం తర్వాత వేసిన బిల్లు ఒక్కటీ కనిపించడం లేదని. వెతికి చూస్తే మధ్యలో ఒకే ఒక్క లాగు ఫైలు సగంలో తెగిపోయి ఉంది. దాని తర్వాతి ఫైళ్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా ఒక్కటీ అక్కరకు రాలేదు. డేటాబేస్ లేచింది కాబట్టి రీస్టోర్ అయిపోయిందని మేమంతా నమ్మాం, ఆ నమ్మకంతోనే ఆ అరగంటలో కొత్త బిల్లులు కూడా వేయనిచ్చాం.

ముందుగా మీ దగ్గర ఏముందో చూసుకోండి

డేటాబేసులో ఏ మార్పు జరిగినా అది డేటా ఫైళ్లలోకి చేరకముందే వాల్ లాగులో నమోదవుతుంది. ఈ లాగు మామూలుగా 16 ఎంబీ సెగ్మెంట్లుగా ఉంటుంది. ఒక్కో సెగ్మెంటు పేరులో 24 అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 000000010000000300000047 అనే పేరులో మొదటి 8 అంకెలు టైమ్‌లైన్‌ను (డేటాబేస్ చరిత్రలో ఏ శాఖకు చెందిందో), మిగిలిన 16 అంకెలు లాగులో ఆ సెగ్మెంటు స్థానాన్ని చెబుతాయి. లాగులు తమంతట తాము డేటాబేసును నిర్మించలేవు. వాటికి పునాదిగా ఒక బేస్ బ్యాకప్ (డేటా ఫైళ్లన్నిటి పూర్తి ప్రతి), ఆ బ్యాకప్ మొదలైన సెగ్మెంటు నుంచి మీరు కోరిన క్షణం దాకా ఒక్కటి కూడా తప్పిపోని వరుస, రెండూ ఉండి తీరాలి. కాబట్టి చివరి బేస్ బ్యాకప్ ఏ తేదీది, అది ఏ సెగ్మెంటుతో మొదలైంది అన్న రెండు సంగతులను రాసిపెట్టుకోండి. బేస్ బ్యాకప్‌ను పీజీ బేస్‌బ్యాకప్‌తో తీసి ఉంటే దానితోపాటు మానిఫెస్ట్ ఫైలు ఉంటుంది. పీజీ వెరిఫైబ్యాకప్ అనే పనిముట్టు ఆ మానిఫెస్ట్‌తో ప్రతి ఫైలు చెక్‌సమ్‌నూ (ఫైలు మారితే తానూ మారే గుర్తు సంఖ్య) పోల్చి చూస్తుంది. ఇక్కడొక గందరగోళం తరచూ ఎదురవుతుంది: వాల్ కంప్రెషన్ అనే సెట్టింగు లాగు లోపల రాసే పూర్తి పేజీలను మాత్రమే కుదిస్తుంది, మీరు దాచుకునే ఫైలును జీజిప్‌తో కుదించడానికి దానితో సంబంధం లేదు.

కుదించే స్క్రిప్టులోనే సరిచూడండి

ఈ పని మొత్తంలో అతి ముఖ్యమైన మెట్టు ఇదే, కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. ఒక సెగ్మెంటు నిండగానే పోస్ట్‌గ్రెస్ మీ ఆర్కైవ్ కమాండును, అంటే ఫైలును దాచే స్క్రిప్టును, పిలుస్తుంది. ఆ కమాండు సున్నా తిరిగి ఇస్తే ఫైలు భద్రంగా చేరిందని నమ్మి, తన దగ్గరున్న అసలు సెగ్మెంటును తర్వాత తుడిచేస్తుంది, లేదా కొత్త పేరు పెట్టి మళ్లీ వాడుకుంటుంది. సున్నా కాక మరేది ఇచ్చినా ఫైలును అట్టే పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అంటే కుదించిన ప్రతిని అసలుతో పోల్చి చూసే వీలు మీకు ఆ సున్నా ఇచ్చే క్షణం వరకే ఉంటుంది. ఆ తర్వాత పోల్చడానికి అసలు ఉండదు.

చాలా స్క్రిప్టుల్లో తప్పు జరిగేది పైపు దగ్గర, అంటే ఒక కమాండు ఫలితాన్ని మరో కమాండుకు అందించే చోట. సెగ్మెంటును క్యాట్‌తో చదివి పైపు ద్వారా జీజిప్‌కు అందిస్తే, షెల్లు తిరిగి ఇచ్చేది చివరి కమాండు ఫలితాన్నే. క్యాట్ విఫలమైనా జీజిప్ తనకు అందిన ఖాళీని శ్రద్ధగా కుదించి సున్నా ఇస్తుంది. పైపు వాడక తప్పకపోతే బ్యాష్‌లో పైప్‌ఫెయిల్ ఆప్షనును పెట్టండి. సెగ్మెంటును నేరుగా జీజిప్ ఇన్‌పుట్‌గా మళ్లించడం అంతకన్నా మేలు. పోస్ట్‌గ్రెస్ అధికారిక డాక్యుమెంటేషన్‌లో కుదింపుకు ఇచ్చిన ఉదాహరణ అలాంటిదే, కానీ అది ఒక్క వరుస ఉదాహరణ మాత్రమే. దాన్ని యథాతథంగా వాడితే డిస్కు నిండినప్పుడు సగం రాసిన ఫైలు అసలు పేరుతోనే మిగిలిపోతుంది, అదే పేరుతో ముందే ఉన్న ఫైలు చెరిగిపోతుంది.

కాబట్టి స్క్రిప్టును ఈ వరుసలో రాసుకోండి. ముందుగా అదే పేరుతో ఆర్కైవులో ఫైలు ఉందేమో చూడాలి. ఉంటే దాన్ని విప్పి, వచ్చిన బైట్లను అసలు సెగ్మెంటుతో సీఎంపీ కమాండుతో పోల్చాలి. రెండూ ఒకటే అయితే సున్నా ఇచ్చి ముగించవచ్చు, ఎందుకంటే సర్వరు హఠాత్తుగా ఆగి లేచినప్పుడు పోస్ట్‌గ్రెస్ అదే సెగ్మెంటును రెండోసారి పంపే సందర్భాలు ఉంటాయి. తేడా ఉంటే మాత్రం పాతదాన్ని ముట్టుకోకుండా తప్పు కోడ్ ఇవ్వాలి. కుదించిన ఫైళ్లను కుదించినట్టే పోల్చవద్దు, జీజిప్ తన శీర్షికలో సమయాన్నీ ఫైలు పేరునూ రాసుకునే వీలుంది కాబట్టి లోపలి సరుకు ఒకటే అయినా పైకి తేడా కనిపించవచ్చు.

ఫైలు లేకపోతే అదే డైరెక్టరీలో తాత్కాలిక పేరుతో కుదించండి. రాసిన వెంటనే సింక్ కమాండుకు ఆ ఫైలు పేరు ఇచ్చి, డేటా మెమరీలో నిలిచిపోకుండా డిస్కుకు చేరేలా చూడండి. ఈ ఒక్క మెట్టు వదిలేసిన చోట, కరెంటు పోయి వచ్చాక సున్నా బైట్ల ఫైళ్లు కనిపిస్తాయి. ఆ తర్వాత తాత్కాలిక ఫైలును మళ్లీ విప్పి అసలు సెగ్మెంటుతో బైటుబైటుగా పోల్చండి. సరిపోయాకే ఎంవీ కమాండుతో అసలు పేరు పెట్టండి. ఒకే ఫైల్‌సిస్టమ్ లోపల పేరు మార్పు ఒక్క దెబ్బతో జరిగిపోతుంది కాబట్టి సగం ఫైలు అసలు పేరుతో ఎన్నడూ కనిపించదు. పేరు మార్చాక డైరెక్టరీని కూడా సింక్ చేసి, కుదించిన ఫైలు షా 256 చెక్‌సమ్‌ను ఒక జాబితాలో చేర్చి, అప్పుడు సున్నా ఇవ్వండి. 16 ఎంబీ ఫైలును విప్పి పోల్చడానికి నేటి సర్వర్ల మీద పట్టేది సెకనులో కొద్ది భాగం. రాతలు మరీ ఎక్కువగా ఉండి లాగులు వెనుకబడుతుంటే కుదింపు స్థాయిని తగ్గించండి తప్ప పోలికను మానకండి.

ఆర్కైవ్ కమాండు పదేపదే విఫలమైతే, లాగులు ఉండే పీజీ వాల్ డైరెక్టరీ పెరుగుతూ పోయి, చివరికి డిస్కు నిండి డేటాబేసే ఆగిపోతుంది. పీజీ స్టాట్ ఆర్కైవర్ అనే వ్యూలో విఫలమైన లెక్క, చివరిసారి చేరిన ఫైలు పేరు, చేరిన సమయం కనిపిస్తాయి. వాటిని నిమిషానికోసారి గమనించే ఏర్పాటు చేసుకోండి.

దాచిన ఫైళ్లను రోజూ పరీక్షించండి

రాసిన వెంటనే చదివితే మీకు అందేది చాలావరకు మెమరీలోని ప్రతి. డిస్కులోనిది, అక్కడి నుంచి మరో నగరంలోని స్టోరేజీకి వెళ్లినది ఎలా ఉందో ఆ పోలిక చెప్పదు. అందుకని రోజుకొకసారి, వీలైతే వేరే మెషీన్ నుంచి, ముందటి రోజు ఫైళ్లను తెచ్చి చెక్‌సమ్ జాబితాతో సరిచూడండి.

జీజిప్‌కు మైనస్ టి ఆప్షను ఉంది. ప్రతి జీజిప్ ఫైలు చివర 8 బైట్లు ఉంటాయి: నాలుగింటిలో విప్పిన డేటా సీఆర్‌సీ (ఒక రకం చెక్‌సమ్), నాలుగింటిలో దాని పొడవు. మైనస్ టి ఫైలును విప్పి వాటితో సరిచూస్తుంది కాబట్టి తెగిన ఫైలునూ, లోపల చెడిన ఫైలునూ పట్టుకుంటుంది. కానీ అది చూసేది కుదింపు సరిగా ఉందా అన్నదే, కుదించినది సరైన సరుకేనా అన్నది దానికి తెలియదు. ఈ తేడాను మీ కళ్లతో చూడాలంటే, చదివితే ఏమీ రాని డెవ్ నల్‌ను జీజిప్‌కు ఇన్‌పుట్‌గా ఇచ్చి ఫలితాన్ని ఒక ఫైలులో పెట్టండి. సరిగ్గా 20 బైట్ల ఫైలు వస్తుంది: 10 బైట్ల శీర్షిక, ఏమీ లేదని చెప్పే 2 బైట్లు, చివరి 8 బైట్లు. దాని మీద మైనస్ టి నడిపితే ఏ తప్పూ చూపకుండా సున్నా ఇస్తుంది. ఇందాక చెప్పిన పైపు తప్పు వల్ల పుట్టే ఫైళ్లు అచ్చంగా ఇవే. మీ ఆర్కైవులో 20 బైట్ల ఫైలు ఒక్కటి కనిపించినా ఆ రోజు మరో పని పెట్టుకోకుండా దాని సంగతి చూడండి.

అందుకే మైనస్ టి తోపాటు పరిమాణాన్ని కూడా చూడాలి. ప్రతి సెగ్మెంటునూ విప్పి, వచ్చిన బైట్లను లెక్కపెట్టండి: 1,67,77,216 కాకపోతే అది పనికిరాదు. ఇనిట్‌డీబీతో డేటాబేసును మొదట సృష్టించే సమయంలో సెగ్మెంటు పరిమాణాన్ని మార్చి ఉంటే ఆ సంఖ్యను తీసుకోండి. హిస్టరీ, బ్యాకప్ అన్న పొడిగింపులున్న ఫైళ్లు సహజంగానే చిన్నవి కాబట్టి వాటిని ఈ లెక్క నుంచి మినహాయించండి, కానీ పారేయకండి.

వారానికొకసారి మరో అడుగు లోపలికి వెళ్లండి. వరుసగా కొన్ని సెగ్మెంట్లను తాత్కాలిక డైరెక్టరీలోకి విప్పి, మొదటి పేరూ చివరి పేరూ ఇచ్చి పీజీ వాల్‌డంప్ నడపండి. ప్రతి లాగు రికార్డుకూ సొంత సీఆర్‌సీ ఉంటుంది, వాల్‌డంప్ వాటిని చదువుతూ తేడా వచ్చిన చోట ఆగి చెబుతుంది. పేరొకటి, లోపలి లాగు మరొకటి అయిన ఫైళ్లు కూడా ఇక్కడే బయటపడతాయి. రెండు సర్వర్లు పొరపాటున ఒకే డైరెక్టరీకి లాగులు పంపుతున్నప్పుడు ఇలా జరుగుతుంది.

గొలుసులో ఖాళీలు వెతకండి

ఒక్కో ఫైలు బాగుండడం వేరు, వరుస తప్పకుండా ఉండడం వేరు. పేర్లను క్రమంలో పెట్టి, ఒక్కొక్కటీ ముందుదాని కంటే ఒకటి ఎక్కువ ఉందో లేదో చూసే చిన్న స్క్రిప్టు రాసుకోండి. ఈ అంకెలు పదహారు ఆధారంగా లెక్కించేవి. 16 ఎంబీ సెగ్మెంట్లయితే చివరి 8 అంకెల భాగం ఎఫ్ఎఫ్ దాకా వెళ్లి, మళ్లీ సున్నాకు వస్తుంది, అప్పుడు మధ్య భాగం ఒకటి పెరుగుతుంది. ఈ మలుపును స్క్రిప్టు సరిగా పట్టుకోకపోతే ప్రతి 256 ఫైళ్లకొకసారి తప్పుడు హెచ్చరిక వస్తుంది. అలాంటివి నాలుగు వచ్చాక అసలు హెచ్చరికను కూడా ఎవరూ చదవరు. స్టాండ్‌బై, అంటే సిద్ధంగా ఉంచిన నకలు సర్వరు, ప్రధాన సర్వరుగా మారిన ప్రతిసారీ టైమ్‌లైన్ ఒకటి పెరిగి ఒక హిస్టరీ ఫైలు పుడుతుంది. ఆ చిన్న ఫైలు లేకపోతే రీస్టోర్‌కు కొత్త టైమ్‌లైన్‌లోకి దారి తెలియదు. వాల్ జీ అనే బ్యాకప్ పనిముట్టు వాడేవారికి ఈ వరుసను పరీక్షించే వాల్ వెరిఫై అనే కమాండు సిద్ధంగానే ఉంది.

పాతవి తీసివేసేటప్పుడు కూడా గొలుసు తెగే ప్రమాదం ఉంది. తేదీని బట్టి కాక, మీరు ఉంచుకోదలచిన అతి పాత బేస్ బ్యాకప్ ఏ సెగ్మెంటుతో మొదలైందో దాన్ని బట్టి తొలగించండి. పీజీ ఆర్కైవ్ క్లీనప్‌కు మైనస్ ఎక్స్ ఆప్షనుతో జీజిప్ పొడిగింపును చెబితే అది కుదించిన ఫైళ్లను కూడా గుర్తిస్తుంది. తీసే ముందు మైనస్ ఎన్‌తో, ఏవి పోతాయో జాబితా మాత్రమే చూసుకోండి.

వేరే మెషీన్ మీద రీస్టోర్ చేయండి

పై పరీక్షలన్నీ నెగ్గినా అసలు రీస్టోర్‌కు బదులు కావు. ఒక ప్రత్యేక మెషీన్ తీసుకుని అదే మేజర్ వెర్షన్ పోస్ట్‌గ్రెస్‌ను, మీరు వాడే ఎక్స్‌టెన్షన్లన్నిటినీ పెట్టండి. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అదే వెర్షన్ అయితే మంచిది. లినక్స్ మూల లైబ్రరీ అయిన జీలిబ్‌సీ 2.28లో అక్షరాల వరుస నియమాలు మారాయి, అందువల్ల అంతకు ముందుదాని మీద కట్టిన టెక్స్ట్ ఇండెక్సులు తర్వాతిదాని మీద చెడినట్టు తేలుతాయి. ఆ తప్పును మీరు బ్యాకప్ మీదకు తోసే ప్రమాదం ఉంది.

డేటాబేసును లేపకముందే మూడు జాగ్రత్తలు తీసుకోండి. ఆర్కైవ్ మోడ్‌ను ఆపేయండి, లేకపోతే ఈ పరీక్ష సర్వరు తన లాగులను మీ అసలు ఆర్కైవులోకే పంపుతుంది. ఆర్కైవును చదవడానికి మాత్రమే అనుమతితో మౌంట్ చేయండి. వినియోగదారులకు మెయిళ్లు, సందేశాలు పంపే పనులేవైనా డేటాబేస్ లోపలి నుంచి నడుస్తుంటే ఆ మెషీన్‌కు బయటి నెట్‌వర్కును కత్తిరించండి. పరీక్ష మెషీన్ చిన్నది కదా అని మాక్స్ కనెక్షన్స్ వంటి విలువలను తగ్గిస్తే రికవరీ మధ్యలో నిలిచిపోతుంది, వాటిని అసలు సర్వరులో ఉన్నంతకు తగ్గకుండా ఉంచండి.

బేస్ బ్యాకప్‌ను విప్పి, రీస్టోర్ కమాండులో ఫైలును గన్‌జిప్‌తో విప్పి పోస్ట్‌గ్రెస్ అడిగిన చోట రాసే వరుసను పెట్టి, డేటా డైరెక్టరీలో రికవరీ డాట్ సిగ్నల్ అనే ఖాళీ ఫైలును సృష్టించండి. ఇప్పుడు నేను మొదట చెప్పిన శనివారం నాటి సంగతికి కారణం చూడండి. రీస్టోర్ కమాండు సున్నా కానిది ఇస్తే ఆ ఫైలు ఆర్కైవులో లేదని పోస్ట్‌గ్రెస్ అర్థం చేసుకుంటుంది, లాగులన్నీ అయిపోయాక ఎలాగూ అలాగే జరుగుతుంది కాబట్టి. తెగిన ఫైలును విప్పబోయి గన్‌జిప్ 1 ఇచ్చినా అదే అర్థం. లాగులు అంతటితో అయిపోయాయనుకుని, కొత్త టైమ్‌లైన్ తెరిచి, డేటాబేస్ మామూలుగా లేచి కూర్చుంటుంది. చిత్రమేమిటంటే 20 బైట్ల ఖాళీ ఫైలే ఇంతకంటే నయం: అది సరిగానే విచ్చుకుంటుంది కాబట్టి పరిమాణం తప్పని పోస్ట్‌గ్రెస్ గుర్తించి ఆగిపోతుంది.

దీనికి మందు గమ్యాన్ని ముందే చెప్పడం. రికవరీ టార్గెట్ టైమ్ అనే సెట్టింగులో మీరు చేరదలచిన తేదీ, సమయం, టైమ్ జోనుతో సహా ఇవ్వండి. 13వ వెర్షన్ నుంచి, ఆ గమ్యం చేరకముందే లాగులు అయిపోతే పోస్ట్‌గ్రెస్ తప్పు చూపి ఆగిపోతుంది. అంతకు ముందు వెర్షన్లలో గమ్యం ఇచ్చినా చేరకుండానే లేచేది. అయితే ఒక చిక్కు ఉంది. గమ్యం చేరినట్టు అది గుర్తించేది ఆ సమయం దాటిన తర్వాతి మొదటి కమిట్ (ఖరారైన మార్పు) లాగులో కనిపించినప్పుడే. రాత్రి రెండు గంటలను గమ్యంగా పెట్టి, ఆ తర్వాత ఎవరూ ఏమీ రాయకపోతే, అన్నీ సరిగా ఉన్నా గమ్యం చేరలేదనే అంటుంది.

ఏ నిమిషం దాకా వచ్చిందో రుజువు చేసుకోండి

ఆ చిక్కుకూ, రుజువుకూ కలిపి ఒకే ఉపాయం ఉంది. అసలు డేటాబేసులో ఒక చిన్న పట్టిక పెట్టి, నిమిషానికోసారి అందులో ప్రస్తుత సమయంతో ఒక వరుసను చేర్చే పనిని, పనులను సమయానికి నడిపే క్రాన్‌లో పెట్టండి. మేము దాన్ని నాడి పట్టిక అనేవాళ్లం. రీస్టోర్ అయ్యాక ఆ పట్టికలో చివరి సమయం మీ గమ్యానికి ఒక నిమిషం లోపు ఉండాలి, వరుసల మధ్య అనుకోని ఖాళీ ఉండకూడదు. సర్వరు లాగును కూడా మొదటి నుంచి చివరి దాకా చదవండి: ఏ ఏ సెగ్మెంట్లు ఆర్కైవు నుంచి వచ్చాయో ఒక్కొక్కటీ పేరుతో సహా అందులో ఉంటుంది, ఏ కమిట్‌కు ముందు రికవరీ ఆగిందో సమయంతో సహా ఉంటుంది.

ఆ తర్వాత డేటా లోపల చూడండి. పీజీ డంప్‌ను నడిపి ఫలితాన్ని డెవ్ నల్‌కు పంపితే పట్టికలన్నీ మొదటి నుంచి చివరి దాకా చదవబడతాయి, చదవలేని పేజీ ఉంటే అక్కడే ఆగుతుంది. అది ఇండెక్సులను ముట్టుకోదు కాబట్టి ఇండెక్సులను పరీక్షించే, 14వ వెర్షన్ నుంచి వస్తున్న పీజీ యామ్‌చెక్‌ను కూడా నడపండి. చివరగా వ్యాపారానికి అర్థమయ్యే లెక్క ఒకటి తీయండి: గమ్యానికి ముందటి రోజు బిల్లుల సంఖ్య, మొత్తం సొమ్ము. ఆ రోజు నివేదికలో ఉన్న అంకెలతో అవి పైసాతో సహా కలవాలి.

ఎంతకాలానికి ఒకసారి, ఎంత సేపట్లో

నెలకొకసారి పూర్తి రీస్టోర్ చేయడం కనీసమని నా అభిప్రాయం. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ గానీ, ఆర్కైవ్ స్క్రిప్టు గానీ, స్టోరేజీ గానీ మారితే నెల దాకా ఆగకుండా వెంటనే చేయండి. ప్రతిసారీ వేరే గమ్యాన్ని, వీలైతే బేస్ బ్యాకప్‌కు దూరంగా ఉన్నదాన్ని ఎంచుకోండి, అప్పుడే ఎక్కువ లాగులు పరీక్షకు వస్తాయి. బేస్ బ్యాకప్ తేవడానికి ఎంత, లాగులు నడవడానికి ఎంత అని సమయాన్ని విడివిడిగా రాసుకోండి. లాగులను తిరిగి ఆడించే పని ప్రధానంగా ఒకే ప్రాసెస్ మీద సాగుతుంది కాబట్టి ఎక్కువ కోర్లు ఉన్నంత మాత్రాన అది వేగం పుంజుకోదు. ఆ సమయం మీ సంస్థ ఓర్చుకోగలిగిన దానికంటే ఎక్కువైతే బేస్ బ్యాకప్‌లను మరింత తరచుగా తీయడమే దారి.

పరీక్ష విఫలమైతే కబురు వచ్చేలా కాక, విజయవంతమైన కబురు సమయానికి రాకపోతే అలారం మోగేలా ఏర్పాటు చేయండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ ప్రధాన డేటాబేస్ డైరెక్టరీ పొరపాటున చెరిగిపోయినప్పుడు ఆ సంస్థ తానే వెల్లడించిన వివరాల్లో ఈ సంగతి ఉంది: 9.6 వెర్షన్ డేటాబేస్ మీద 9.2 వెర్షన్ పీజీ డంప్ నడిచినందువల్ల బ్యాకప్‌లు అంతకు ముందు నుంచే విఫలమవుతున్నాయి, ఆ సంగతి చెప్పవలసిన మెయిళ్లను వాటిని అందుకునే సర్వరు తిరస్కరిస్తూ వచ్చింది. చివరికి దాదాపు ఆరు గంటల పాత స్నాప్‌షాట్‌తో బయటపడ్డారు.

ఆర్కైవును గుప్తీకరించి దాస్తుంటే, పరీక్ష మెషీన్ మీద తాళంచెవిని అసలు సర్వరు నుంచి తెచ్చుకోకండి. అసలు సర్వరు పోయిందనుకుని, తాళంచెవి దాచిన రెండో చోటు నుంచే తీసుకోండి. పని ముగిశాక ఆ మెషీన్‌లో ఉన్నది మీ వినియోగదారుల నిజమైన సమాచారమని గుర్తుంచుకుని, డేటా డైరెక్టరీని, విప్పిన సెగ్మెంట్లను తుడిచేయండి. గమ్య సమయం, నాడి పట్టికలో చివరి వరుస, పట్టిన నిమిషాలు, చేసినవారి పేరు ఒక పట్టీలో నమోదు చేసి, వచ్చే నెల పరీక్షను మరొకరికి అప్పగించండి. వారు మీ సహాయం లేకుండా, మీరు రాసిపెట్టిన మెట్లను మాత్రమే చూస్తూ చేయాలి. వారు ఆగిపోయిన ప్రతి చోటునూ ఆ కాగితంలో అప్పుడే సరిదిద్దండి.